రిమార్కుల గడి

సోమవారం పదిన్నరకి గానీ సర్వరు లేవలేదు.
చీమకుర్తి ఆసుపత్రిలో నా కుర్చీకి మూడు కాళ్లు,
నాలుగోది పాత ఓపీ రిజిస్టర్ల కట్ట.
కాంట్రాక్టు ఉద్యోగం నాది.
ఏ రోగమైనా సరే, నా దగ్గరికొచ్చేసరికి
ఒక గడిలో సర్దుకోవాలి.

జ్వరానికి గడి ఉంది. కుక్కకాటుకుంది, తేలుకాటుకుంది.
కాన్పుకి ఏకంగా పదకొండు.
క్షయకైతే వేరే పేజీ, దానికో రంగు,
దానికోసం నెలనెలా ఒంగోల్లో మీటింగు,
టీ, రెండు బిస్కెట్లు.

ఏడుకొండలు గోడ పట్టుకుని వచ్చాడు.
పంతొమ్మిదేళ్లు క్వారీలో, ఆ తర్వాత పాలిష్ ఫ్యాక్టరీలో.
వేలు పెట్టమంటే పెట్టాడు. మిషను ఒప్పుకోలేదు.
చొక్కాకి రుద్దుకుని మళ్లీ పెట్టాడు.
"గీతలు రాయి తినేసిందమ్మా" అన్నాడు
తప్పు తనదైనట్టు.

మస్తానమ్మ ఎరువుల సంచిలోంచి ఫిల్ము తీసింది.
కిటికీకి ఎత్తి పట్టాను:
నల్లటి నలుపులో తెల్లటి చుక్కలు,
ఒకచోట ఒత్తుగా, ఒకచోట పలచగా.
ఎక్కడో చూశాను దీన్ని.
ఎక్కడో గుర్తు రాలేదు.

డాక్టరుగారికి తెలుసు. నాకూ తెలుసు.
బయట టీ కొట్టు బసివిరెడ్డిని అడిగినా చెబుతాడు అది దుమ్మని.
దుమ్ముకి గడి లేదు.
కళ్లె మూడుసార్లు పంపాం, మూడుసార్లూ ఏమీ లేదన్నారు.
"క్షయలో వెయ్యమ్మా" అన్నాడాయన, నా వైపు చూడకుండా,
"నెలకింత తిండి డబ్బులన్నా పడతాయి."

అన్నం పెట్టే అబద్ధం.
వేశాను.

ఆరు నెలలు మాత్రలు. ఆరు నెలలు ఎర్రటి ఉచ్చ.
ఆశా కార్యకర్త కళ్లెదుట నిలబడి మింగించింది.
ఆఖర్న నేనే నొక్కాను: చికిత్స పూర్తి.
ఆ ఏడాది మా ఆసుపత్రికి ప్రశంసాపత్రం వచ్చింది,
అద్దం కట్టించి మందుల గది పైన కొట్టాం.
దాని కింద బల్ల మీద కూర్చుని
ఏడుకొండలు దగ్గుతున్నాడు.

అప్పుడర్థమైంది నాకు ఇదంతా ఎట్టా నడుస్తుందో.
మందులు పైనుంచి కిందికి దిగుతాయి,
అంకెలు కిందినుంచి పైకి ఎక్కుతాయి.
మందుకి మనిషి తెలీదు, అంకెనడిగి దారి తెలుసుకుంటుంది.
అంకె లేని ఇంటికి
ఏ లారీ రాదు, ఏ జీవో రాదు,
ఏ బడ్జెట్టులోనూ ఆ దగ్గు వినపడదు.
ఎవరూ చెడ్డవాళ్లు కారు.
అందరం గళ్లు నింపుతున్నాం.

ఆ నెల మీటింగులో నాకు బల్ల దగ్గర చోటు దొరికింది.
కొత్త బల్ల. పెద్దసారు అరచేత్తో నిమిరి
"మన జిల్లా రాయే, విదేశాల్లో దీనికి మహా గిరాకీ" అన్నాడు.
ఫైలు పక్కకి జరిపి చూశాను.
నల్లటి నలుపులో తెల్లటి చుక్కలు,
ఒకచోట ఒత్తుగా.
ఒకచోట పలచగా.
బిస్కెట్టు దాని మీద పెట్టలేకపోయాను.

అప్పట్నించి రిమార్కుల గడిలో రాస్తున్నా.
నలభై అక్షరాలే పడతాయందులో, ఆ పైన మింగేస్తుంది.
నాకు రెండు చాలు.
దుమ్ము.
ఏడుకొండలు పేరు ముందు. ఆయన పోయాక ఆయన తమ్ముడి ముందు.
కటింగు మిషను దగ్గరి ఒరియా కుర్రాడి ముందు,
వాడికింకా మీసాలు సరిగ్గా రాలేదు.
దుమ్ము. దుమ్ము.
ఎవరూ చదవరని తెలుసు. పప్పులో ఉప్పేసినట్టు
చెయ్యి అలవాటుగా వేస్తుంది.

మొన్న విజయవాడ నుంచి ఫోను.
మగ గొంతు, కుర్రగొంతు, నాలాంటి ఉద్యోగమే అయ్యుంటుంది.
"మేడం, మీ దగ్గర్నుంచి ఒక పదం వస్తోంది,
అరవై ఒక్కసారి వచ్చింది. టైపింగులో తప్పా?"

"కాదండీ" అన్నాను.

అవతల చాలాసేపు ఏమీ లేదు.
కుర్చీ కిర్రుమన్న చప్పుడు. ఎవరో టీ తెచ్చిన చప్పుడు.
మా కిటికీలోంచి రాయి కోస్తున్న రొద
ఫోన్లో ఆయనకీ వినపడే ఉంటుంది.

"మరైతే" అన్నాడు మెల్లగా,
"దీన్ని ఎందులో వెయ్యమంటారు మేడం?"